సూవర్డ్ జులై ఫోర్త్ పరేడ్ రివ్యూ: హైవే దిగి ఆగొచ్చా?

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో ఐ-80 హైవే పక్కన ఉండే చిన్న ఊరు సూవర్డ్, జులై ఫోర్త్ అంటే ఇక్కడి స్వాతంత్ర్య దినం. ముందే చెప్పేస్తా, ఆగొచ్చు. కుర్చీలు, టోపీలు, నీళ్లు ఉంటే కళ్లు మూసుకుని ఆగండి, లేకపోతే మాలాగా ఎవరో ఒకరు జాలిపడి కుర్చీ ఇచ్చేదాకా నిలబడాలి. ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా, ఆ అర ఎందుకు కట్ చేశానో కింద చెప్తా.

మేం వెళ్లిన 2024లో జులై ఫోర్త్ గురువారం వచ్చింది గదా, శుక్రవారం లీవ్ పెట్టేస్తే నాలుగు రోజులు. అమ్మా నాన్నా ఇండియా నుంచి వచ్చి మూడు నెలలైంది, మిగతా మూడు నెలలు డెన్వర్‌లో మా తమ్ముడి దగ్గర ఉండాలి. ఫ్లైట్ ఎక్కించేయొచ్చు కానీ నాన్నకి రోడ్డు చూడాలి, ఆయన ముప్పై ఏళ్లు ఆర్టీసీలో చేసిన మనిషి, విమానంలో ఏం కనపడుద్దిరా మబ్బులు తప్ప అంటాడు. సరే అని ఒక మినీ వ్యాన్ రెంట్‌కి తీసుకుని అరోరా నుంచి (చికాగో పక్కన, బాలాజీ గుడి ఉండే అరోరా) డెన్వర్‌కి ఐ-80 మీద దగ్గర దగ్గర 1000 మైళ్లు బయల్దేరాం. బుక్ చేసింది ఒక బండి, ఇచ్చింది ఇంకో బండి, వెనక సీట్లకి ఏసీ వస్తుందో రాదో వాడికే తెలియాలి, కంపెనీ పేరు ఎందుకులెండి, అందరూ అంతే.

మూడో తారీకు మధ్యాహ్నం బయల్దేరి అయోవాలో వాల్‌కాట్ దగ్గర అయోవా 80 ట్రక్‌స్టాప్‌లో ఆగాం. ప్రపంచంలోనే పెద్ద ట్రక్‌స్టాప్ అని బోర్డు పెట్టుకున్నారు, లోపల పళ్ల డాక్టర్ కూడా ఉన్నాడు, నాన్న ఆ బోర్డు ముందు నిలబడి ఫొటో దిగాడు, మా డిపోలో క్యాంటీన్ కూడా సరిగ్గా ఉండేది కాదు అని. రాత్రి డెమాయిన్‌లో పడుకుని పొద్దున మిగిలిన పులిహోర కట్టుకుని మళ్లీ రోడ్డు.

అసలు ఈ రూట్‌లో సమస్య ఏంటంటే అయోవా అంతా మొక్కజొన్న, నెబ్రాస్కాలోకి వచ్చినా మొక్కజొన్నే. ఐ-80 ఒక్క నెబ్రాస్కాలోనే 455 మైళ్లు ఉంటుంది, లింకన్ దాటాక ఒక 70 మైళ్లు రోడ్డు మలుపే లేకుండా స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది, స్పీడ్ లిమిట్ 75 కాబట్టి సరిపోయింది, లేకపోతే నిద్రొచ్చి చస్తాం. పాపకి ఆరేళ్లు, ఐప్యాడ్ చార్జింగ్ అయిపోయిన దగ్గర్నుంచి "ఇంకెంతసేపు" మొదలు. అప్పుడు మా ఆవిడ ఫోన్‌లో వెతికి, లింకన్ దాటాక పాతిక మైళ్లలో ఒక ఊరుందంట, జులై ఫోర్త్‌కి ఆ ఊరే ఫేమస్ అంట, పరేడ్ ఉందంట, ఆగుదాం అంది. నేను సీవార్డ్ అన్నా, తను సెవార్డ్ అంది, తర్వాత ఊళ్లో వాళ్లు చెప్పారు సూవర్డ్ అనాలంట.

ఊరు చిన్నది, జనాభా 7,600 చిల్లర. కానీ జులై ఫోర్త్ విషయంలో వీళ్లకి పంతం ఉంది. నెబ్రాస్కా రాష్ట్రం ఏర్పడింది 1867లో, వీళ్లు ఆ మరుసటి ఏడాది, అంటే 1868 నుంచి ఈ పండగ చేస్తున్నారంట. 1979లో అమెరికా కాంగ్రెస్ తీర్మానం చేసి మరీ "అమెరికా అఫీషియల్ ఫోర్త్ ఆఫ్ జులై సిటీ" అని బిరుదు ఇచ్చింది. మనూళ్లలో ఫలానా స్వామి తిరనాళ్ల అంటే చుట్టుపక్కల మండలాలన్నీ కదిలొస్తాయే, సరిగ్గా అదే లెక్క. ఎగ్జిట్ 379 దగ్గర దిగి హైవే 15 మీద ఉత్తరానికి పోతే పది నిమిషాలు కూడా పట్టదు, కానీ ఆ రోజు మాకు నలభై నిమిషాలు పట్టింది, అంత క్యూ.

పార్కింగ్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. డౌన్‌టౌన్ దగ్గరికి వెళ్లాలని చూడొద్దు, రోడ్లు మూసేస్తారు. ఇళ్ల మధ్య వీధుల్లో ఎక్కడ ఖాళీ కనపడితే అక్కడ పెట్టేసి నడవండి. మాకు ఒక పెద్ద చెట్టు నీడలో ఫ్రీగా దొరికింది, పదిహేను నిమిషాల నడక, అమ్మ మోకాళ్ల నొప్పులకి అది కాస్త ఇబ్బందే అయింది. పెద్దవాళ్లుంటే ముందు వాళ్లని కోర్ట్‌హౌస్ దగ్గర్లో దింపేసి తర్వాత పార్కింగ్ వెతుక్కోండి, మాకు ఆ తెలివి తర్వాత వచ్చింది.

ఊరి మధ్యలో కోర్ట్‌హౌస్, దాని చుట్టూ పచ్చిక, నాలుగు వైపులా పాత ఇటుక షాపులు. పచ్చిక మీద అంతా స్టాళ్లు. తిండి విషయంలో మాత్రం మనోళ్లు జాగ్రత్త, ఇది బీఫ్ రాజ్యం, ఈ రాష్ట్రంలో మనుషులకంటే ఆవులు, ఎద్దులే ఎక్కువ. రన్జా అని బన్నులాంటిది అమ్ముతారు ఇక్కడ, నెబ్రాస్కా వాళ్లకి అది ప్రాణం, వాసన బాగుంది, పైకి చూస్తే మన కర్రీ పఫ్ అన్నలాగా ఉంటుంది కానీ లోపల క్యాబేజీతో పాటు బీఫ్ ఉంటుంది, అడక్కుండా కొనొద్దు. మేం తిన్నది కాల్చిన మొక్కజొన్న పొత్తు, ఫన్నెల్ కేక్, కెటిల్ కార్న్. ఫన్నెల్ కేక్ అంటే జిలేబీని పాకంలో వెయ్యకుండా పైన పంచదార పొడి చల్లితే ఎలా ఉంటుందో అది. అమ్మ ఒక ముక్క తిని "పాకం పట్టడం బద్ధకం వీళ్లకి" అని తేల్చేసింది. నిమ్మరసం ఒక్కో గ్లాసు ఆరు డాలర్లు, సగం ఐసే. ఆ ఎండకి నోరు మూసుకుని కొన్నాం, రెండోసారి కూడా కొన్నాం.

ఎండ గురించి చెప్పాలి. పేరుకి తొంభై డిగ్రీల ఫారెన్‌హీట్ దాటలేదు కానీ ఉక్క చూస్తే మే నెల ఒంగోలు బస్టాండే. చుట్టూ ఉన్న మొక్కజొన్న ఆకుల్లోంచి వచ్చే తేమ వల్ల ఇంత ఉక్క అంట, ఒకామె చెప్పింది. జులై ఫోర్త్ నాటికి మొక్కజొన్న మోకాలి ఎత్తు రావాలి అని వీళ్ల పాత సామెత అంట. మేం దార్లో చూసిన చేలు మా నాన్న భుజం దాకా ఉన్నాయి, కొత్త విత్తనాల పుణ్యం.

పరేడ్ మేం వెళ్లిన రోజు సాయంత్రం నాలుగింటికి. మేం రెండింటికల్లా రోడ్డు పక్కకి చేరాం, చాలా తొందరగా వచ్చేశాం అనుకున్నా. తీరా చూస్తే రోడ్డు రెండు పక్కలా వరసగా మడత కుర్చీలు, దుప్పట్లు పరిచేసి ఉన్నాయి, మనుషులు లేరు. మన బస్సులో కిటికీలోంచి రుమాలు వేసినట్టు వీళ్లు కుర్చీలు వేసేసి ఇంటికెళ్లి భోంచేసి వస్తారంట. ఒక్క కుర్చీ ఎవడూ ముట్టుకోలేదు, ఒక్కటి పక్కకి జరపలేదు. నాన్న దీన్ని నమ్మలేకపోయాడు, మొత్తం ట్రిప్‌లో ఆయనకి ఆశ్చర్యం వేసింది ఇదొక్కటే అనుకుంటా.

కుర్చీలు లేక మేం నిలబడి ఉంటే పక్కనున్న ఒక ముసలాయన, డెబ్భై అయిదు పైనే ఉంటాయి, చెక్స్ చొక్కా, పాత విత్తనాల కంపెనీ టోపీ, లేచి వెళ్లి తన పికప్ వెనకనుంచి రెండు కుర్చీలు తెచ్చి అమ్మా నాన్నలకి వేశాడు. ఎక్కడ్నుంచి అని అడిగితే నేను చికాగో అన్నా. ఆయన నన్ను కాదు, నాన్నని చూస్తూ మళ్లీ అడిగాడు. నాన్న నిటారుగా కూచుని "ఒంగోల్, ఇండియా" అన్నాడు. ఆయనకి అర్థం కాలేదు. నాన్న ఊరుకుంటాడా, ఒంగోలు అంటే ఎద్దులు గదా, చేత్తో మెడ వెనక మూపురం ఇంత ఎత్తు అని చూపించి, రెండు వేళ్లు తల మీద కొమ్ముల్లా పెట్టి, "బుల్, బిగ్ బుల్, వైట్" అన్నాడు. ముసలాయన మొహం వెలిగిపోయింది, వెంటనే "బ్రాహ్మన్?" అన్నాడు.

నాన్న నావైపు తిరిగి మెల్లగా, "కులం అడుగుతున్నాడేందిరా? కాదని చెప్పు" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. బ్రాహ్మన్ అంటే వీళ్ల దగ్గర ఒక పశువుల జాతి పేరు, మన దేశం నుంచి వచ్చిన మూపురం ఎద్దుల్నించి తయారు చేసుకున్నది, అందులో మన ఒంగోలు రక్తం కూడా ఉంది, వీళ్లు నెల్లూరు పేరుతో నెలోర్ అంటారు. ఇదంతా ఇటు తెలుగులో అటు ఇంగ్లీషులో చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి కానీ వాళ్లిద్దరికీ ఇక నాతో పని లేకుండా పోయింది. ఆయన జీవితమంతా ఆవుల్ని పెంచినవాడంట. ఫోన్ తీసి తన మంద ఫొటోలు చూపించాడు, నల్ల యాంగస్‌లు, మూపురం లేకుండా పీపాల్లా ఉన్నాయి. నాన్న ఫోన్ తీసి ఊళ్లో బండలాగుడు పందెం వీడియో పెట్టాడు. ఆ రాయి బరువెంతో చెప్పడానికి నాన్న పక్కనున్న పికప్ ట్రక్‌ని చూపిస్తే ఆయన నోరెళ్లబెట్టాడు (నాన్న కాస్త ఎక్కువే చెప్పాడు, నేను కరెక్ట్ చేయలేదు).

ఇక పరేడ్. ముందు జెండా పట్టుకుని మాజీ సైనికులు వచ్చారు. అప్పటిదాకా గోలగోలగా ఉన్న వీధి మొత్తం ఒక్కసారి లేచి నిలబడింది, టోపీలన్నీ ఛాతీ మీదకొచ్చాయి. ముసలాయన లేవడానికి ఇబ్బంది పడుతుంటే నాన్న చెయ్యి ఇచ్చి లేపి, తనూ టోపీ తీసి నిలబడ్డాడు. జెండా వెళ్లిపోయాక మళ్లీ గోల.

తర్వాత ఫైర్ ఇంజన్లు. పక్క పల్లెల వాళ్లవి కూడా, మిల్‌ఫర్డ్ అంట, స్టేపుల్‌హర్స్ట్ అంట, బీ అని కూడా ఒక ఊరుంది, నిజంగా తేనెటీగ స్పెల్లింగే. డ్యూటీ అయ్యాక వచ్చి మంటలార్పే వలంటీర్లు వీళ్లంతా, అందుకే ప్రతి బండిలోంచి డ్రైవర్ పేరు పెట్టి ఎవర్నో పిలుస్తాడు, ఇక్కడ్నుంచి ఎవడో వాణ్ణి తిడతాడు, నవ్వులు. ఇదే నాకు బాగా నచ్చిన విషయం. టీవీలో చూసే న్యూయార్క్ పరేడ్‌లలో బెలూన్లు పెద్దవి, స్టార్లు పెద్దవాళ్లు, కానీ చూసేవాడికీ నడిచేవాడికీ సంబంధం ఉండదు. ఇక్కడ బళ్ల మీద ఉన్నవాళ్లు, కుర్చీల్లో ఉన్నవాళ్లు రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకునే జనం. "అదిగో మా లెక్కల టీచర్", "అదిగో మా పళ్ల డాక్టర్" అని పక్కనోళ్లు మాకు చెప్తుంటే, అరగంట తర్వాత ఎవరు ఎవరో మాకు కూడా తెలిసిపోయింది. మా ఆవిడైతే ఆ లెక్కల టీచర్‌కి చెయ్యి కూడా ఊపింది.

అయితే సైరన్లు మాత్రం దారుణం. ఒకేసారి పది బళ్లు మోగిస్తారు, ఉయ్యాల్లో పిల్లలు, చెవి మెషీన్ పెట్టుకున్న పెద్దలు ఉంటారని అనుకోరు. అమ్మ కొంగుతో చెవులు మూసుకుని "చాల్లే నాయనా, మంట ఆరిపోయింది" అంటూనే ఉంది. కట్ చేసిన అర మార్కులో సగం దీనికి.

ట్రాక్టర్లు లెక్కలేనన్ని. పచ్చ జాన్ డీర్లు, ఎర్ర ఫార్మాల్‌లు, కొన్ని వయసులో మా నాన్నకంటే పెద్దవి, ఇత్తడి చెంబులు తోమినట్టు తోమి తెచ్చారు. ఇక్కడ నాకు కాస్త బోర్ కొట్టిందని ఒప్పుకుంటా, ఇరవయ్యో ట్రాక్టర్ దాటాక ఏది చూసినా ఒకటే. నాన్న, ముసలాయన మాత్రం ఒక్కో దానికీ ఒక్కో కామెంట్. ఎలక్షన్ సంవత్సరం కాబట్టి క్యాండిడేట్లు కూడా చొక్కాల మీద పేర్లు వేసుకుని నడుచుకుంటూ వచ్చారు, ఒకాయన నాన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఓటు అడిగాడు, నాన్న తెలుగులో "అట్నే బాబూ, చూద్దాం" అని మన ఊళ్లో అందరికీ చెప్పినట్టే చెప్పి పంపాడు. ఎర్ర కుచ్చు టోపీలు పెట్టుకుని పెద్ద పెద్ద బొజ్జలున్న పెద్దమనుషులు బొమ్మ కార్లలాంటి బుల్లి కార్లలో గిరగిరా తిరుగుతూ వచ్చారు, వాళ్లని ష్రైనర్లు అంటారంట, పిల్లల హాస్పిటళ్లు నడిపే సంఘం వాళ్లు. పాప ఆ కార్లని చూసి అసలు నేలమీద లేదు.

పాప గురించి చెప్పకపోతే రివ్యూ పూర్తి కాదు. ప్రతి బండి మీదనుంచీ చాక్లెట్లు విసురుతారు, పిల్లలు రోడ్డంచున కాచుకుని ఉంటారు. మొదట పాప సిగ్గుపడి వాళ్లమ్మ వెనక దాక్కుంది. పక్కనున్న ఏడెనిమిదేళ్ల పిల్ల, ముసలాయన మనవరాలు, వచ్చి ట్రైనింగ్ ఇచ్చింది: చెయ్యి ఊపు, గట్టిగా అరువు, కాళ్ల దగ్గర పడినవి నీవి, అవతల పడినవి చిన్న పిల్లలకి వదిలేయ్. అంతా అయ్యేసరికి అమ్మ కూరగాయలకి తెచ్చుకునే గుడ్డ సంచి సగం నిండింది. ఎండకి టూట్సీ రోల్స్ మెత్తబడి కాగితానికి అంటుకుపోయాయి, అవి తర్వాత రెంట్ బండి సీట్ కవర్‌కి కూడా అంటుకున్నాయి, ఆ కథ వేరు. మిగతా సగం ఇక్కడే పోయింది: చాక్లెట్ల కోసం మరీ చిన్న పిల్లలు ట్రాక్టర్ టైర్ల దగ్గరికి పరిగెడుతుంటే గుండె ఆగినంత పనైంది, బళ్ల పక్కన నడుస్తూ పిల్లల్ని ఆపే మనుషులు ఇంకొంతమంది ఉండాలి. చిన్న పిల్లలుంటే చెయ్యి వదలొద్దు.

చివర గుర్రాలు. వాటి వెనక, ఒక కుర్రాడు, పదిహేనేళ్లుంటాయేమో, పార, తోపుడు బండి పట్టుకుని పేడ ఎత్తుకుంటూ వస్తున్నాడు. పరేడ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ చప్పట్లు వాడికే. వాడు పార నేలకానించి, సినిమా హీరోలాగా నడుం వంచి దండం పెట్టాడు, మళ్లీ చప్పట్లు. నాన్న నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

పరేడ్ అయ్యాక ముసలాయన మమ్మల్ని ఒక చోటు చూసి వెళ్లమన్నాడు. అప్పుడు అక్కడ పచ్చికలో కాంక్రీట్ పిరమిడ్ ఉండేది, కింద పెద్ద టైమ్ క్యాప్సూల్. హెరాల్డ్ డేవిసన్ అనే షాపు ఓనరు ఆ క్యాప్సూల్‌ని 1975 జులై 4న మూసేశాడంట, మనవలకి తన కాలం ఎలా ఉండేదో తెలియాలని. అందులో చిల్లర సామాన్లతో పాటు కొత్త షెవర్లే వేగా కారు కూడా పెట్టి పూడ్చాడు. తెరవడానికి ఆయన పెట్టిన తేదీ 2025 జులై 4, అంటే మేం వెళ్లిన మరుసటి ఏడాదే. కొత్త కారు పూడ్చిపెట్టాడని వినగానే అమ్మ "వాళ్లావిడ ఒప్పుకుందా" అని అడిగింది. నాకైతే ఈ ఊరికి మళ్లీ రావాలనుంది.

బాత్రూముల గురించి: పోర్టబుల్ టాయిలెట్లు ఉన్నాయి, పరేడ్‌కి ముందు పర్లేదు, తర్వాత లైన్ కోర్ట్‌హౌస్ చుట్టూ తిరిగింది, వెళ్లేదేదో ముందే వెళ్లండి. పరేడ్‌కి టికెట్ లేదు. మొత్తం మాకైన ఖర్చు తిండికి, నిమ్మరసానికి కలిపి యాభై ఎనిమిది డాలర్లు.

బాణసంచాకి ఉండలేకపోయాం, హోటల్ కేర్నీలో బుక్ చేశాం, ఇంకా వంద మైళ్లు పైనే. ఎనిమిదిన్నర దాటాక కుర్చీలు మడిచి తిరిగిస్తుంటే ముసలాయన నాన్నకి ఆ విత్తనాల కంపెనీ టోపీ తీసి ఇచ్చేశాడు, నాన్న తిరిగి ఇవ్వడానికి ఏం లేక జేబులో ఉన్న ఐదు రూపాయల బిళ్ల ఇచ్చాడు.

చీకటి పడ్డాక ఐ-80 మీద ఎటు చూసినా దూరంగా చిన్న చిన్న ఊళ్లు, ఒక్కో ఊరి మీద బాణసంచా, ఎడమ పక్క ఒకటి ఆరేలోపు కుడి పక్క ఇంకోటి, చప్పుడు మాత్రం వినపడదు. పాప సంచి వాటేసుకుని నిద్రపోయింది. నాన్న లోపల కూడా టోపీ తీయలేదు. అమ్మ అప్పటిదాకా కునుకు తీస్తూ, కళ్లు తెరిచి బయట ఎగ్జిట్ బోర్డు చూసి ఉలిక్కిపడింది. నెబ్రాస్కాలో కూడా ఒక అరోరా ఉంది, మాకు ముందు తెలీదు.

"ఒరే, పొద్దుట్నించీ తిప్పి తిప్పి మళ్లీ ఇంటికే తీసుకొచ్చావేందిరా?"